మందుకు కరువొచ్చిన వేసవి

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరుతూ నన్ను చూడ్డానికి వచ్చింది. పని ఎలా ఉంటుంది పెద్దమ్మా అని అడిగి, నేను నోరు తెరిచేలోపలే, చీటీ చూసి మందు ఇచ్చేదే కదా అని తనే జవాబు చెప్పేసింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పిల్లను నాలుగు మాటలు అని పంపించాను. పంపించాక, పాపం దానికి తెలియనిది చెప్పాల్సింది పోయి తిట్టడమేమిటి అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాది పెనుకొండ. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన కూతురు ఫార్మసీ చదివి తెల్లకోటు వేసుకోవడం మా వీధిలో పెద్ద వింత. ఉద్యోగం పెనుకొండలో మొదలై, ధర్మవరం మీదుగా హిందూపురంలో ముగిసింది. ఏది ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో జరిగిందో కావాలనే కలిపేశాను. పేర్లు మార్చాను. ఈ జబ్బు ఉన్నవాళ్ల సంగతి రాసేటప్పుడు ఆమాత్రం చేయకపోతే, అన్నేళ్లు నోరు కట్టుకుని పనిచేసినదంతా దండగే.

మందు లేని రోజులు

హెచ్ఐవీ అనే మాట మా వైపు తొంభైలలో లారీలతోపాటు వచ్చిందని అందరూ అనేవాళ్లు. పెనుకొండ పక్కనే బెంగళూరు పోయే హైవే. లారీ డ్రైవర్ల మీద నెపం వేయడం తేలిక. కానీ మందులిచ్చే నా కిటికీ ముందు నిలబడినవాళ్లలో మగ్గం నేసేవాళ్లు ఉన్నారు, కూలీలు ఉన్నారు, గడప దాటని ఆడవాళ్లు ఉన్నారు. జబ్బుకు వృత్తి ఏమిటని నాకు అప్పుడే విసుగు పుట్టింది.

రోగితో తలుపు దగ్గరే నిలబడి మాట్లాడిన డాక్టర్లను చూశాను. అదే వార్డులో, అదే రోగికి తల దువ్విన ఆయమ్మనూ చూశాను. ఇద్దరి దగ్గరా మందు లేదు. జ్వరానికి, విరేచనాలకు, నోటిపూతకు మాత్రమే ఇచ్చేవాళ్లం. అసలు మందు బెంగళూరులో అమ్మేవారు. అది కొనగలిగినవాళ్లు మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు.

ఎర్రమంచి అప్పటికి ఉత్త చేన్ల ఊరు, కార్ల ఫ్యాక్టరీ ఇంకా రాలేదు. అక్కడి రైతు ఒకతను, రామాంజులు అందాం, బోరున్న చేను అమ్మేసి బెంగళూరు నుంచి మందు తెచ్చుకున్నాడు. మనిషి లేచి కూర్చున్నాడు, తర్వాత నడిచాడు, ఎద్దులు కూడా తోలాడు. చేను అమ్మిన డబ్బు అయిపోయింది. కొన్నాళ్లు రోజు మార్చి రోజు మింగాడు. ఆపైన మానేశాడు. బావమరిది ఎక్కడో అప్పు తెచ్చి మళ్లీ అదే మందు కొనిపెడితే ఈసారి అది పనిచేయలేదు. బెంగళూరు డాక్టరు రాసిన చీటీ నేనే చదివి వినిపించాను. మందు తగ్గించి వేసుకుంటే పురుగు చావదు, ఆ మందుకు అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత గుప్పెడు మింగినా లాభం ఉండదు. రామాంజులు చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాది దాటలేదు.

అప్పటి మా పెద్ద డాక్టరు ఒకాయన, వీళ్లకు ఆశ పెట్టొద్దమ్మా, అది పాపం అనేవాడు. మంచివాడే, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఆ మాట తప్పు అని నా నమ్మకం. మందు ఈరోజు లేదు అనడం వేరు, ఎప్పటికీ రాదు అనడం వేరు. రెండోది చెప్పే హక్కు మాకెవరిచ్చారు?

పాత ఎక్స్‌రే గది

మందు వచ్చింది. ప్రభుత్వమే ఊరికే ఇస్తుందని తెలిసిన రోజు నేను స్టోరులో ఒంటరిగా కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పని కాదు కనక రాస్తున్నాను. మొదట్లో అనంతపురం దాకా పోయి తెచ్చుకోవాల్సి వచ్చేది. కొన్నాళ్లకు మా ఆసుపత్రిలోనే పాత ఎక్స్‌రే గది ఖాళీ చేయించి, నెలనెలా అక్కడ ఇవ్వమన్నారు. ఆ గది నాకు అప్పజెప్పారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు, అదీ అసలు కారణం.

పొద్దుకొకటి, మాపుకొకటి. వేళ తప్పకూడదు. ఇది చెప్పడమే నా పనిలో సగం. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అని పాఠం చెప్పినట్టు చెప్తే, గడియారం లేని ఇంట్లో ఆ పాఠం ఎందుకు పనికొస్తుంది? ఒక్కొక్కరి దినచర్య అడిగి తెలుసుకుని, దానికి మాత్రను కట్టేదాన్ని. హిందూపురం చింతపండు మండీలో పనిచేసే మస్తాన్‌వలికి రంజాన్ నెలలో తెల్లారకముందు తినే సహరీకి ఒకటి, పొద్దు గుంకాక ఇఫ్తారుకు ఒకటి. ఉపవాసం చేసుకోవచ్చా అని భయపడుతూ అడిగాడు. నీ ఉపవాసం కంటే వేళ తప్పని మందు ఎక్కడుందయ్యా, నిక్షేపంగా చేసుకో అన్నాను. ఆ నెలంతా అందరికంటే బుద్ధిగా వేసుకున్నది అతనే. పండగ అయ్యాక మళ్లీ మొదటికొచ్చి తిట్లు తిన్నాడు.

ఓబుళప్పది నంబులపూలకుంట వైపు. గొర్రెలు కాస్తాడు. దొడ్డి తీసినప్పుడొకటి, దొడ్డి మూసినప్పుడొకటి వేసుకో అన్నాను. మందు మరిచిపోతావేమో అని ఒకసారి అంటే, గొర్రెలు మర్సిపోనిస్తాయామ్మా, దొడ్డికాడ అర్సి సంపవూ అన్నాడు. పెద్దమనిషి, మాట తక్కువ, మాటకు విలువ ఎక్కువ. మా గది ముందు సైకిల్ స్టాండు నీడలో కూర్చుని, కొత్తగా వచ్చి తల ఎత్తలేని వాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను ఎంత చెప్పినా వినని వాళ్లు ఆయన చెప్తే వినేవాళ్లు.

నాగమణి ధర్మవరం పిల్ల. అచ్చులు అతికే పని ఆమెది. మగ్గం మీద పాత దారాల కొసలకు కొత్త దారాలు ఒక్కొక్కటే కలిపి మెలివేసే పని అది, వేల పోగులు ఉంటాయి, కళ్లు పోతాయి. మొదటి మొగుడు ఈ జబ్బుతోనే పోయాడు. అత్తగారింట్లో గిన్నె వేరు, చాప వేరు చేశారు. మా గదికి వచ్చిన కొత్తలో కొంగుతో మొహం కప్పుకుని వచ్చేది. సురేశ పెనుకొండలో ఆటో తోలేవాడు, అతనూ మా దగ్గరికే వచ్చేవాడు. ఇద్దరికీ ఒకే రోజు మందు ఇచ్చే వంతు. ఆ వంతుల్లోనే మాటలు కలిశాయి. పెళ్లి చేసుకుంటాం అన్నప్పుడు అటు ఇటు పెద్దవాళ్లెవరూ రాలేదు. ఓబుళప్ప పెళ్లిపెద్దగా నిలబడ్డాడు. నేను చీర పెట్టాను.

ఏడాది తిరిగేసరికి నాగమణి కడుపుతో ఉంది. డాక్టరు పరీక్షలన్నీ చూసి, తల్లి మందు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటే బిడ్డకు జబ్బు రాకుండా ఉండే అవకాశం చాలా ఉంది అన్నారు. తప్పితే? అని నాగమణి అడిగింది. తప్పొద్దు అన్నారాయన. అప్పటినుంచి ఆ పిల్ల మాత్రను దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకుని వేసుకునేది.

గొడవ లేని వారం

ఆ వేసవిలోనే పైనుంచి మందు రావడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఈనాటికీ నాకు సరిగా తెలియదు. ఫోన్ చేస్తే ఒకరు టెండరు అన్నారు, ఒకరు లారీ బయలుదేరింది అన్నారు. ఆ లారీ ఎన్నాళ్లు బయలుదేరిందో లెక్కలేదు. నెలకు ఇచ్చేదాన్ని వారానికి ఇచ్చాను. తర్వాత మూడు రోజులకు ఇచ్చాను. ఆ తర్వాత వంతు వచ్చినవాళ్లకు, మళ్లీ రండి అని చెప్పాల్సి వచ్చింది.

మా జిల్లాలో రేషను బియ్యం ఒక్క రోజు ఆలస్యమైతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. తిడతారు, కిటికీ బాదుతారు. నేను దానికి సిద్ధపడే కూర్చున్నాను. ఎవరూ తిట్టలేదు. సరేలేక్కా అని వెళ్లిపోయారు. మందు అయిపోయి ఉండాల్సినవాళ్లు నిమ్మళంగా సైకిల్ స్టాండు దగ్గర కూర్చుని బొరుగులు తింటున్నారు. అప్పుడు నాకు భయం వేసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనుషులు ఇంత మర్యాదగా ఉండరు.

నాగమణిని లోపలికి పిలిచి అడిగాను. ఆమె నన్నే ఓదార్చింది.

"అందరం పంచుకుంటాండాం కదక్కా. ఉండేవాళ్లు ల్యానోళ్లకు ఇస్తాండారు. నువ్వేమీ దిగులు పడొద్దు."

ఓబుళప్ప పెట్టిన పద్ధతి అది. ఇంకా మందు మిగిలినవాళ్లందరూ తెచ్చి ఒక చోట పోయాలి. దాదాపు అందరిదీ ఒకే రకం మాత్ర. మనిషికి రెండు బదులు రోజుకు ఒక్కటే. ఎవరూ పస్తుండకూడదు. దూరం ఊళ్లవాళ్లకు బస్సు కండక్టర్ల చేత పంపించారు. ముదిగుబ్బలో ఉన్న ఒక ముసలామెకు సురేశ స్వయంగా తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఒక్కరు కూడా దాచుకోలేదు. ఒక్కరు కూడా కాదనలేదు. వారం దాటి అట్లా నడుస్తోంది.

నేను వెళ్లి ఓబుళప్ప ముందు నిలబడ్డాను. ఆయన లేచి నాకు చోటిచ్చాడు.

"కరువులో గంజి యట్ల పంచినారో అట్లే పంచినామమ్మా. గంజి తొట్టికాడ కడుపుతో ఉండే ఆడదానికి రెండు గరిటెలు పోసేటోళ్లు, తక్కినోళ్లకు ఒగటి. మా యమ్మ సెప్పేది. నాగమణికి రెండిస్తాండాం, మాకు ఒగటి. తప్పేముండాది?"

ముందు నాగమణికి రెండు అందుతున్నాయి అన్న మాట విని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత రామాంజులు గుర్తొచ్చాడు. ఇంతమంది రామాంజులు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. రెండో రకం మందు మాకు ఊరికే దొరికే రోజులు కావవి. ఈ మందు పనిచేయకుండా పోతే వీళ్లకు ఇక దారి లేదు.

ఈలోగా మా ఆసుపత్రి సూపరింటెండెంటు గారు విషయం విని బయటికి వచ్చారు. చదువూ సంధ్యా లేని జనం, చెప్పిందేదీ వినరు అని అందరి ముందూ కేకలు వేశారు. నాకు ఒళ్లు మండింది. సార్, చదువుకున్నవాళ్లకు పంపకం చేతకాక మందు ఆగింది, వీళ్లకు చేతనై పంచుకున్నారు అని అనేశాను. అంతమంది ముందు ఆ మాట అనడం పద్ధతి కాదు. ఆయన మొహం ఎర్రబడింది, లోపలికి వెళ్లిపోయారు.

ఒక్క తడి

ఓబుళప్పకు వైరస్ గురించి చెప్పి లాభం లేదు. ఆయనకు వర్షాధారపు చేను తెలుసు. బావిలో ఎకరాకు ఒక్క తడికి సరిపడే నీళ్లుంటే, వాటిని పదెకరాల శెనక్కాయకూ పారిస్తే ఏమవుతుంది అని అడిగాను. యాడా ఊడ నేలకు దిగదు, యాడా కాయ పట్టదు అన్నాడు. ఇదీ అట్లే ఓబుళప్పా అన్నాను. అర మందుతో పురుగు చావదు, బలుస్తుంది. నీ న్యాయం నూటికి నూరుపాళ్లు సరే. మందుకే ఆ న్యాయం తెలియదు.

అందరూ ఆయననే చూస్తున్నారు.

"అట్లయితే ఎవరికి నిలపాలో నువ్వే సెప్పమ్మా. సేనైతే ఒగ పక్క ఎండబెడ్తాం. మనిసిని యట్ల ఎండబెట్టేది?"

ఎవరికీ నిలపక్కర్లేదు అన్నాను. ఈరోజు నుంచి అందరూ రెండు పూటలా నిండుగా వేసుకోండి. ఉన్నది అయిపోయేలోపల మందు తెస్తాను. ఎక్కడినుంచి తెస్తావు అని ఎవరూ అడగలేదు. అప్పటికి నాకూ తెలియదు. నా మాట నమ్మి వాళ్లు తమ దగ్గరున్న కొద్దిపాటి మందును రెట్టింపు వేగంతో ఖర్చు చేయడం మొదలుపెట్టారు.

ట్యాంకరు

మందు బెంగళూరులో ఉంది. కొనడానికి డబ్బు కావాలి. ఉచితంగా రావాల్సిన మందును ఆసుపత్రి బయట కొనడానికి ఏ పద్దూ ఒప్పుకోదు. సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లి, ముందు నిన్నటి మాటకు క్షమించమని అడిగి, తర్వాత ఈ మాట ఎత్తాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఒకప్పుడు పాముకాటు మందు బయట కొని ఒక పిల్లవాణ్ణి బతికించినందుకు ఆడిట్‌వాళ్లు ఆయన జీతంలో కోత పెట్టారు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన్ని పిరికివాడు అనడానికి నాకు నోరు రాలేదు. పైన ఎవరైనా డబ్బు ఇస్తే చూద్దాం అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన గదిలో తాగునీటి సమావేశం. ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లు పంపాలని తహసీల్దార్లు, సర్పంచులు అరుచుకుంటున్నారు. నేను గుమ్మం దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి అదంతా విన్నాను. విన్నకొద్దీ నాకు ధైర్యం వచ్చింది. ఒక ఊళ్లో బోరు ఎండిందని పొద్దున తెలిస్తే సాయంత్రానికి ట్యాంకరు పంపుతున్నారు. కాగితాలు తర్వాత వస్తాయి. కరువుకు అలవాటుపడ్డ జిల్లాలో ఆ ఒక్క పనికి మాత్రం ఎవరూ ఆగరు.

అధికారి కుర్రవాడు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు. తెలుగు నేర్చుకుని మాట్లాడేవాడు. నేను చెప్పింది విని, మందుల నిధి నా చేతిలో లేదమ్మా, పై ఆఫీసుకు రాస్తాను, పది రోజుల్లో తెలుస్తుంది అన్నాడు.

"పొద్దున్నుంచీ చూస్తున్నాను సార్. నీళ్ల ట్యాంకరుకు టెండరు పిలిచి, పది రోజులు ఆగి పంపుతారా?" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. నీళ్లు లేకపోతే మనుషులు చచ్చిపోతారు, పది రోజులు మందు ఆగితే ఎంతమంది చచ్చిపోతారు అని అడిగాడు. వెటకారం కాదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"పది రోజుల్లో ఒక్కరు కూడా పోరు సార్. అదే చిక్కు. రెండేళ్లకో మూడేళ్లకో ఒక్కొక్కరే పోతారు, అప్పటికి మీరూ నేనూ ఇక్కడ ఉండం. ఎందుకు పోయారో ఎవరికీ గుర్తుండదు. ఒక్క బిడ్డ మాత్రం ఈ రెండు నెలల్లో పుడుతుంది. దాని సంగతి మనం ఇక్కడ ఉండగానే తెలుస్తుంది."

ఆయన ఫోన్ తీసి కలెక్టరు గారితో మాట్లాడాడు. ఇంగ్లిషులో మాట్లాడినా మధ్యలో ట్యాంకరు అన్న మాట రెండుసార్లు వినబడింది. కరువు కాలంలో అత్యవసరాలకు వాడే నిధి ఒకటి ఉంటుంది, అందులోంచి ఇవ్వడానికి పెద్దాయన ఒప్పుకున్నారు. ఒక్క షరతు. బయట కొనాల్సినంత అవసరం ఉందని ఆసుపత్రి సూపరింటెండెంటు సంతకం చేయాలి.

ఆ కాగితం తీసుకుని తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. సూపరింటెండెంటు గారు చదివారు. మళ్లీ చదివారు. నా వైపు చూడకుండానే, మన ఊళ్లో ఎవరి జీతం ఎవరు తిన్నార్లే అని సంతకం పెట్టేశారు. అది ఏ సామెతో నాకు ఇప్పటికీ తెలియదు. తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి అన్నారనుకుంటాను. తర్వాత ఆడిట్‌వాళ్లు అభ్యంతరం పెట్టారు, ఆయన రిటైరయ్యాక కూడా ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు. ఏనాడూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆయన తిట్టిన తిట్లు అక్కడున్న అందరికీ గుర్తున్నాయి. ఆయన పెట్టిన సంతకం సంగతి ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బెంగళూరు దారి

సంతకమైన కాగితం చూపితే మర్నాడే డబ్బు చేతికిచ్చారు. ఆ తర్వాతి రోజు తెల్లారకముందే నేనూ డ్రైవరూ ఆసుపత్రి జీపులో బయలుదేరాం. బెంగళూరులో మందుల టోకు వ్యాపారి, ప్రభుత్వ కాగితం చూసి పెదవి విరిచాడు, ప్రభుత్వం డబ్బు ఎప్పుడిస్తుందో అని. డబ్బు వెంట తెచ్చామని తెలిశాక కాఫీ తెప్పించాడు. నేను ప్రతి పెట్టె మీదా గడువు తేదీ చూసుకున్నాను. త్వరలో గడువు తీరే పెట్టెలు రెండు అడుగున పెట్టబోయాడు, తీయించాను. అయ్యో మేడం, చూసుకోలేదు అన్నాడు. నేను చూసుకున్నాను కదా, మీరు శ్రమపడొద్దు అన్నాను.

రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆపి పెట్టెలు విప్పమన్నారు. ఏం మందులు అని అడిగాడు అక్కడి ఉద్యోగి. చెప్పాను. విప్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, పోండి పోండి అన్నాడు. పెట్టె ముట్టుకుంటేనే జబ్బు అంటుకుంటుందని భయం. వేరే రోజైతే దిగి అరగంట పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయన అజ్ఞానానికి దండం పెట్టి జీపు తోలమన్నాను.

మేము చేరేసరికి అందరూ సైకిల్ స్టాండు దగ్గరే ఉన్నారు. చాలామంది దగ్గర ఆ సాయంత్రానికి ఒక్క మాత్ర కూడా లేదు. పెట్టెలు దించుతుంటే ఎవరూ ముందుకు తోసుకురాలేదు. ఓబుళప్ప నాగమణి భుజం మీద చెయ్యి వేసి ముందు ఆమెను పంపించాడు. అందరికంటే చివర ఆయన వచ్చాడు. ఒక్క సంగతి అప్పుడు బయటపడింది. నాగమణికి రోజూ ఇచ్చిన రెండో మాత్ర ఎక్కడిదో కాదు, ఆయనదే. పెద్దోన్ని, నాకేంలే అన్నాడు. ఆ వారం పైచిలుకు ఆయన ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఏడాదికి ఆయనకు ఆ మందు పనిచేయడం మానేసింది. బాగా బక్కచిక్కిపోయాడు. అదృష్టం బాగుండి రెండో రకం మందు మన రాష్ట్రానికి వచ్చేదాకా తట్టుకున్నాడు. దానికోసం ఆయన్ని హైదరాబాదు పంపడానికి నేను ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో చెప్పను. గొర్రెలు అమ్మేశాడు గానీ మనిషి నిలబడ్డాడు.

కొత్తగా చేరేవాళ్లకు

నేను చెప్పదలచుకున్నవి పెద్దవేం కావు. మందు అయిపోయాక ఫోన్ చేయడం మొదలుపెట్టొద్దు, సగానికి వచ్చినప్పుడే మొదలుపెట్టండి, విసిగించండి. మర్యాదస్తులని పేరు తెచ్చుకోవాలని ఈ ఉద్యోగానికి రావొద్దు. రోగులు మిమ్మల్ని తిడుతున్నంతకాలం ఫరవాలేదు. వాళ్లు నిమ్మళించిన రోజున మాత్రం కిటికీ మూసి బయటికి వెళ్లి, ఎందుకో కనుక్కోండి.

రోగి తప్పు చేశాడని తెలిస్తే, ఆ తప్పు వెనక ఉన్న మంచి ఏమిటో ముందు చూడండి. ఇక్కడి జనం తరతరాలుగా కరువులో బతికారు. ఉన్నది పంచుకోవడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అంత గొప్ప గుణం తప్పుగా మారే పరిస్థితిని వాళ్లకు తెచ్చిపెట్టింది మనం. మందు వేళకు చేర్చడం దయ కాదు, దానం కాదు. నీళ్లు పంపినట్టు పంపాలి. ఆ కుర్ర అధికారికి అది అర్థమైంది. బదిలీ మీద వెళ్లిపోతూ మా గదికి వచ్చి, ఇక్కడి కొరతల సంగతి రాసి పెట్టాను, తర్వాత వచ్చేవాళ్లు చూస్తారు అన్నాడు. చూశారో లేదో గానీ, నేనున్నంతకాలం మళ్లీ మందు అంతగా ఆగలేదు.

నాగమణి బిడ్డ

వానలు మొదలయ్యాక నాగమణికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే బిడ్డకు వేయాల్సిన మందు వేశాం. కానీ జబ్బు ఉందో లేదో ఖాయంగా తేలాలంటే ఆ రోజుల్లో ఏడాదిన్నర ఆగాల్సిందే. అన్నాళ్లూ నాగమణి బిడ్డకు పేరు పెట్టలేదు. పాపా అనే పిలిచేవాళ్లు. తేలనీలేక్కా, అప్పుడు పెడ్తాం అనేది. బిడ్డకు జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా, పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి వచ్చేసేది. నేను పైకి విసుక్కునేదాన్ని, లోపల నాకూ అంతే భయం.

చివరి పరీక్ష కాగితం వచ్చిన రోజు సురేశ ఆటో వదిలేసి వచ్చాడు. ఓబుళప్ప కూడా చేతికర్ర పట్టుకుని వచ్చాడు. సూపరింటెండెంటు గారే స్వయంగా కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. మీరే చెప్పండి అన్నారు. జబ్బు లేదు. పిల్ల శుభ్రంగా ఉంది. నేను చెప్పగానే నాగమణి కింద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. సురేశ గోడకు తిరిగి నిలబడ్డాడు. ఓబుళప్ప మాత్రం, ఇంగ పేరు పెట్టండప్పా, ఎన్నాళ్లని పాపా పాపా అంటారు అన్నాడు. పిల్ల నా బల్ల మీదికి ఎక్కి ఖాళీ మందు డబ్బాను గిలక్కాయలా ఊపుతోంది.

నాగమణికి ఆ నెల మందు ఇచ్చాను. కొంగున కట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని, గుమ్మం దాకా పోయి ఎప్పటిలాగే, "పోయొస్తామక్కా" అంది. అని, అక్కడే ఆగింది. పిల్ల మొహం చూసింది, నా మొహం చూసింది.

"నేనొస్తాలేక్కా," అంది. "ఇదెందుకొస్తాది ఈడికి?"

ఆ గదిలో అంతకాలం పనిచేశాను. వచ్చినవాళ్లందరినీ మళ్లీ రమ్మనే పంపాను. ఎందుకొస్తాదిలే, రానే రాదు పో అన్నాను.